అడిగి చేసిన మేలు

పాఠ్యభాగ ఉద్దేశం

పేద గ్రామాలలో జరిగే అభివృద్ధి పనులలో విద్యార్థులు, యువతీయువకులు స్వచ్ఛందంగా పాల్గొనటం మనకు కొత్త కాదు. ఆ సేవ ఎప్పుడు ఊరి సొంతమవుతుంది, ఎప్పుడు చేసినవారి తృప్తిగా మాత్రమే మిగిలిపోతుంది అన్న విషయాన్ని తెలుగునేలపై జరిగిన కొన్ని సంఘటనల ఆధారంగా పరిశీలించటం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

సజ్జనుని స్వభావాన్ని వర్ణించవలసి వచ్చినప్పుడు మన పూర్వకవులు తరచుగా మేఘాన్ని ఉదాహరణగా తీసుకొన్నారు. సూర్యుడు ఎవరూ వేడుకోకుండానే తామరలను వికసింపజేస్తాడు. మేఘం ఎవరూ యాచించకుండానే నీరిస్తుంది. సత్పురుషులు కూడా అట్లాగే పరుల మేలు కోసం తమంతట తామే పూనుకొంటారు అని భర్తృహరి భావించాడు. ఏనుగు లక్ష్మణకవి మొదలైనవారి అనువాదాల ద్వారా ఆ సుభాషితాలు తెలుగువారి ఇళ్ళలోకి, బడులలోకి చేరాయి. అడగకుండా చేసేదే అసలైన ఉపకారమన్న అభిప్రాయం మనలో గాఢంగా నాటుకోవటానికి ఇటువంటి పద్యాలు కొంత కారణం.

ఆ భావన ఉదాత్తమైనది. కాని మేఘానికి ఒక సౌకర్యం ఉంది. అది కురిసి వెళ్ళిపోతుంది. నాట్ల వేళ కురిసిందా, కోసి పనల మీద ఉంచిన వరిపై కురిసిందా అని విచారించదు. రెండూ వానలే అయినా రెండవదానిని రైతు ఉపకారమనడు. మేఘం ఉరమగలదు గాని అడగలేదు. మనిషి అడగగలడు. గ్రామసేవకు వెళ్ళేవాడు ఈ తేడాను గుర్తుంచుకోవలసి ఉంటుంది.

ఇక్కడ 'స్వచ్ఛందం' అన్న మాటను కొంచెం పరిశీలించాలి. ఛందమంటే ఇచ్ఛ, అభిప్రాయం. తన ఇచ్ఛను అనుసరించి నడచుకోవటం స్వచ్ఛందం. ప్రాచీన వాఙ్మయంలో స్వచ్ఛందచారి అంటే తన ఇష్టం వచ్చినట్లు తిరిగేవాడు. ఆ మాటలో ప్రశంసతోపాటు, సందర్భాన్ని బట్టి, కొంత నింద కూడా ధ్వనిస్తుంది. బలవంతం లేకుండా, ప్రతిఫలం ఆశించకుండా పరుల కోసం పాటుపడటం అన్న అర్థం ఆధునిక కాలంలో స్థిరపడింది. అర్థం మారినా ఒక అంశం మారలేదు. పాత అర్థంలోనూ కొత్త అర్థంలోనూ ఇచ్ఛ చేసేవానిదే. ఎవరి కోసం చేస్తున్నామో వారి ఇచ్ఛకు ఆ పదంలో చోటు లేదు. ఆ చోటును మనమే కల్పించాలి.

ఇదే అర్థంలో వాడే 'వాలంటీరు' అన్న ఆంగ్లపదం వినగానే చాలామందికి 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యాభై ఇళ్ళకు ఒకరు చొప్పున గౌరవవేతనంపై నియమించిన గ్రామ వాలంటీర్లు గుర్తుకు వస్తారు. అది ప్రభుత్వ సేవలను ఇంటింటికీ చేర్చటానికి చేసిన ఏర్పాటు. మన పాఠానికి విషయమైన సేవ అది కాదు.

మన పూర్వులు ఊళ్ళకు మేలు చేయలేదని కాదు. చెరువు తవ్వించటం, తోట నాటించటం, గుడి కట్టించటం, కావ్యాన్ని అంకితం పొందటం వంటివాటిని సప్తసంతానాలలో చేర్చి, కన్నకొడుకుతో సమానంగా ఎంచినవారు మనవారు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు వద్ద 1369 నాటి సంస్కృత శాసనం ఒకటి ఉంది. విజయనగర రాజకుమారుడైన భాస్కరుడు ఆ చెరువును కట్టించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలటానికి నూరు బండ్లు, రెండేళ్ళ కాలం పట్టాయని శాసనం చెబుతుంది. అంతేకాదు, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను కూడా వివరిస్తుంది. కీర్తిని కోరే ధర్మాత్ముడైన రాజు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, తీయని నీటి నది, మంచి రాళ్ళు దొరికే గని, నేర్పుగల పనివారు ఆ పన్నెండింటిలో ఉన్నారు. నీరు తక్కువై భూమి ఎక్కువ కావటాన్ని దోషంగా చెప్పిన ఆ శాస్త్రజ్ఞుల సూక్ష్మదృష్టికి ఈనాటి ఇంజనీర్లు కూడా ఆశ్చర్యపోతారు. అయితే ఆ చెరువు కింద సేద్యం చేయబోయే రైతును సంప్రదించటమన్నది ఆ పన్నెండు అంగాలలో లేదు. ఆరువందల యాభై ఏళ్ళ కిందటి రాజును అందుకు తప్పుపట్టటం న్యాయం కాదు. ఆ లోపం మన కాలపు పథకాలలోనూ కొనసాగటమే విచారించవలసిన విషయం.

స్వాతంత్ర్యానంతరం విద్యార్థులను గ్రామసేవకు మళ్ళించిన ప్రయత్నాలలో ప్రధానమైనది జాతీయ సేవాపథకం. అది గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాలలో సుమారు 40,000 మంది విద్యార్థులతో ప్రారంభమైంది. 'నేను కాదు, నీవు' అన్నది దాని ఆదర్శవాక్యం. రెండేళ్ళలో 240 గంటల సేవ, దత్తత తీసుకొన్న గ్రామంలో ఏడురోజుల ప్రత్యేక శిబిరం అందులో ముఖ్యాంశాలు. దత్తత అన్న మాట నాకు ఎప్పుడూ కొంచెం ఇబ్బందిగానే తోస్తుంది. తల్లిదండ్రులున్న బిడ్డను దత్తత తీసుకొనేటప్పుడైనా ముందు వారిని అడుగుతారు. ఊరిని ఎవరు అడిగారు? ఇక ఏడు రోజులంటారా, ఒక ఊరిని తెలుసుకోవటానికి ఆ గడువు చాలదు. తెలుసుకోకుండా పని మొదలుపెట్టటానికి మాత్రం చక్కగా సరిపోతుంది.

శిబిరాలకు విద్యార్థులతో వెళ్ళిన అధ్యాపకులందరికీ ఒక దృశ్యం సుపరిచితమే. మొదటిరోజు ఉదయం చీపుళ్ళు, గంపలు పట్టుకొని పిల్లలు వీధులు ఊడుస్తుంటారు. ఊరివారు అరుగుల మీద కూర్చొని మర్యాదగా చూస్తుంటారు. మూడవరోజు మొక్కలు నాటుతారు. వేసవిలో ఎవరు నీళ్ళు పోస్తారు, మేకలు ఏ దారిన వెళతాయి అని ఎవరూ విచారించకపోవటం వల్ల మరుసటి ఏడాది వెళ్ళేసరికి పాదులు మాత్రమే కనిపిస్తాయి. ఇందులో పిల్లల సోమరితనమేమీ లేదు. వారు చెమటోడ్చి పనిచేస్తారు. చాలామందికి తట్ట ఎత్తటం అదే మొదటిసారి కావచ్చు. శిబిరం వల్ల వారికి కలిగే ఉపయోగాన్ని నేను కాదనను. కాని అది వారికి కలిగిన ఉపయోగం.

అటువంటి శిబిరంలోనే ఒక ముసలమ్మ మా విద్యార్థినిని పిలిచి, చెంగుముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన కాగితాన్ని చేతికిచ్చింది. "ఊడ్చేది మాకు చేతనవును తల్లీ. ఇదేందో రవ్వంత చదివి చెప్పు" అన్నది. అది ఆమె అప్పుకు సంబంధించిన నోటీసు. అప్పటికి రెండు నెలలుగా ఆమె దానిని చెంగున కట్టుకొని తిరుగుతున్నది. గడువు దాటిపోయింది. ఆ సాయంత్రం మా పిల్లలు ఆ వీధిలో చాలా ఇళ్ళ కాగితాలు చదివిపెట్టారు. శిబిర నివేదికలో ఆ పనికి నిర్ణీతమైన గడి ఏదీ లేకపోయింది.

అడగటమంటే ఏమిటో తెలియజేసే ఘట్టం ఒకటి తెలంగాణ చరిత్రలో ఉన్నది. 1951లో హైదరాబాదు సమీపంలోని శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం జరిగింది. దానికి కాలినడకన వచ్చిన ఆచార్య వినోబాభావే, సమ్మేళనం ముగిశాక, సాయుధపోరాటంతో అట్టుడుకుతున్న నల్లగొండ జిల్లా పల్లెలలో పర్యటించాడు. ఏప్రిల్ 18న పోచంపల్లి చేరాడు. ఆయన ఏ పథకాన్నీ వెంట తేలేదు. దళితవాడకు వెళ్ళి మీకేం కావాలని అడిగాడు. అక్కడి నలభై కుటుంబాలవారు ఎనభై ఎకరాల భూమి కావాలన్నారు. సగం తరి, సగం మెట్ట అని కూడా చెప్పారు. అవసరం తెలిసినవారి లెక్క అంత స్పష్టంగా ఉంటుంది. ప్రభుత్వానికి వ్రాసి చూద్దామని మొదట ఆలోచించిన వినోబా, అక్కడ చేరిన గ్రామస్థులనే మీలో ఎవరైనా ఇవ్వగలరా అని ప్రశ్నించాడు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తానన్నాడు. భూదానోద్యమం ఆ విధంగా పుట్టింది.

ఆ తరువాతి చరిత్రను కూడా చెప్పుకోవాలి. ఉద్యమం దేశమంతా వ్యాపించి, లక్షల ఎకరాలు కాగితం మీదికి వచ్చాయి. వాటిలో రాళ్ళభూములు, వ్యాజ్యాలలో చిక్కుకొన్నవి ఎన్నో ఉన్నాయి. గణనీయమైన భాగం పేదల చేతికి అందనేలేదు. పోచంపల్లిలో అడిగినవారు, ఇచ్చేవారు ఒకరి ముఖం ఒకరు చూసుకొంటూ కూర్చొన్నారు. ఉద్యమం పెరిగినకొద్దీ దానపత్రాల లెక్కే ప్రధానమై, ఆ భూమి ఎవరికి కావాలి, వారు దానిలో ఏమి పండించగలరు అన్న ప్రశ్న వెనుకబడింది. ఒక ఊరిలో ఫలించిన పనిని వేయి ఊళ్ళకు విస్తరింపజేసే తొందరలో దాని ప్రాణభూతమైన అంశమే జారిపోవటానికి ఇది ఒక నిదర్శనం.

ఇక నెల్లూరు విషయం. మహాభారతంలో పదిహేను పర్వాలను తెనిగించిన తిక్కన సోమయాజి నివసించిన సీమ అది. ఆ సీమ ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో 1991 జనాభా లెక్కల ప్రకారం అక్షరాస్యత 44 శాతం. స్త్రీలలో 33 శాతానికి లోపే. మూడింట రెండువంతుల స్త్రీలకు తిక్కన పేరు తెలిసినా చదవటం రాదన్నమాట.

చదువును ఊళ్ళకు మోసుకొనిపోయే ప్రయత్నాలు అంతకుముందు జరగలేదని కాదు. 1914లో విజయవాడలో గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగిన నాటినుండి అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు వంటివారు ఊరూరా గ్రంథాలయాలు, రాత్రిబడులు నెలకొల్పటానికి శ్రమించారు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా డెల్టా కాలువలలో పడవమీద పుస్తకాలు తిప్పాడు. ఇవన్నీ జీతం లేని పనులే. అయితే చదవటం రానివారికి, అందులోనూ కూలికిపోయే స్త్రీలకు, గ్రంథాలయం తలుపు ఎంత తెరిచి ఉంచినా మూసినట్లే.

1988లో కేంద్రప్రభుత్వం జాతీయ అక్షరాస్యతా మిషన్‌ను స్థాపించింది. 1990లో కేరళలోని ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత సాధించిన తొలి జిల్లాగా ప్రకటింపబడింది. ఆ స్ఫూర్తితో 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో 'అక్షరదీపం' పేరుతో ఉద్యమం మొదలైంది. ఒక కార్యకర్త సుమారు పదిమందికి చదువు చెప్పాలి. మూడు వాచకాలు, రమారమి రెండువందల గంటల బోధన. కార్యకర్తకు జీతం లేదు. కళాజాత బృందాలు పాటలతో, వీధినాటకాలతో ఊళ్ళలో ముందుగా వాతావరణాన్ని సిద్ధం చేశాయి.

చదువు చెప్పినవారిలో చాలామంది ఆ ఊరివారే. పదో తరగతి తప్పి ఇంటిపట్టున ఉన్న పిల్లవాడు, కళాశాలకు వెళ్ళివచ్చే అమ్మాయి, స్థానిక ఉపాధ్యాయుడు లాంతరు చుట్టూ పదిమందిని కూర్చోబెట్టి పాఠం చెప్పేవారు. తన ఈడు కొడుకు ఉన్న తల్లికి చదువు చెప్పటం తేలికైన విషయం కాదు. నాట్లువేసి వచ్చిన చేతివేళ్ళకు పలకబలపం లొంగదు. ఆమెను 'అత్తా', 'పెద్దమ్మా' అని పిలుస్తూ, తప్పును తప్పనకుండా దిద్దవలసి ఉంటుంది. పట్టణంనుండి వచ్చిన వక్తకు సాధ్యం కాని ఆ పని వరుసపెట్టి పిలిచే ఊరి పిల్లవానికి సాధ్యమైంది.

అక్షరాస్యత అన్న మాటలో ఆస్యమంటే నోరు. అక్షరం నోటియందు కలవాడు అక్షరాస్యుడు. మనం దానిని చేతికి సంబంధించిన విద్యగా, అంటే వేలిముద్రకు బదులు సంతకం చేయగలగటంగా కుదించివేశాము. నెల్లూరు స్త్రీలు మాత్రం ఆ పదాన్ని దాని వ్యుత్పత్తి అర్థంలోనే స్వీకరించారని చెప్పవచ్చు. వారికి చేతికంటె ముందు నోరు వచ్చింది.

ఆ వాచకాలు వర్ణమాల వరుసను కాక బతుకులోని మాటలను, కథలను ఆధారం చేసుకొన్నవి. మాట నేర్చుకొన్న తరువాత దానిమీద చర్చ జరగాలి. కూలి గురించి చర్చ మొదలైతే, ఆ కూలి ఏమవుతున్నది అన్న దగ్గరికి వచ్చేది. అక్కడినుండి సారా దగ్గరికి వచ్చేది. ఆ కాలంలో 'వారుణి వాహిని' పేరుతో ప్రభుత్వమే సరఫరా చేసిన సారా, పొట్లాల రూపంలో మారుమూల పల్లెలకు కూడా చేరింది. తాగునీరు రాని ఊరికి సారా వచ్చిందన్న స్త్రీల నిష్ఠూరంలో అతిశయోక్తి ఏమీ లేదు. పగలంతా చేసిన కూలి సాయంత్రానికి దుకాణానికి చేరేది. రాత్రిబడి జరుగుతుంటే తాగినవారు వచ్చి అల్లరి చేసేవారు. అంటే చదువుకూ సారాకూ వైరం పుస్తకంలో పుట్టినది కాదు. లాంతరు ముందే, పాఠం మధ్యలోనే అది ఎదురై నిలిచింది.

కలిగిరి మండలంలోని దూబగుంటలో స్త్రీలు కలిసికట్టుగా వెళ్ళి ఊరి సారా దుకాణాన్ని మూయించారు. వారికి నాయకత్వం వహించిన వర్ధినేని రోశమ్మ తరువాతి కాలంలో దూబగుంట రోశమ్మగా ప్రసిద్ధి పొందింది. ఆ విజయం 'ఆడవాళ్ళు ఏకమైతే' అన్న పాఠంగా కొత్తగా చదువు నేర్చినవారి వాచకంలోకి ఎక్కింది. పాఠం చదివిన ఇతర గ్రామాల స్త్రీలు, వారు చేసిన పని మనమెందుకు చేయకూడదని ఆలోచించారు. సాధారణంగా మహనీయుల జీవితాలు పాఠాలవుతాయి. ఇక్కడ పక్క ఊరి కూలితల్లులు పాఠమయ్యారు. పాఠ్యపుస్తకాల నిర్మాణంలో కొంతకాలం పనిచేసినవాడిగా, ఒక పాఠానికి అంతకంటె గొప్ప ఫలితాన్ని నేను ఊహించలేను.

1992లో ఉద్యమం జిల్లా అంతటా వ్యాపించింది. స్త్రీలు ఊరి పొలిమేరలలో కాపుండి సారా బండ్లను వెనుకకు పంపారు. పొట్లాలను తగులబెట్టారు. సారా వేలంపాటలు జరగకుండా అడ్డుకోవటంతో అవి పలుమార్లు వాయిదా పడ్డాయి. మహిళాసంఘాలు, రాజకీయ పక్షాలు, పత్రికలు తోడుగా నిలిచాయి. చివరకు 1993 అక్టోబరు 1నుండి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది. 1995 జనవరి 16నుండి ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధాన్ని అమలుచేసింది. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు.

ఇక్కడ మనం గమనించవలసిన విషయం ఒకటుంది. సారాను నిషేధించాలన్నది అక్షరదీపం లక్ష్యాలలో లేదు. పైగా సారా వేలంపాటలు ప్రభుత్వానికి పెద్ద ఆదాయవనరు. అక్షరదీపాన్ని నడిపినదీ ప్రభుత్వమే. కార్యకర్తలు అక్షరాలు తెచ్చారు. అక్షరాలతో ఏమి చేయాలో ఊరు నిర్ణయించుకొన్నది. అది కార్యకర్తలు అనుకొన్నది కాదు. పాఠం ఆగిపోతున్నదని, లక్ష్యం చెడుతున్నదని వారు స్త్రీలను మళ్ళీ పలకల ముందు కూర్చోబెట్టే ప్రయత్నం చేసి ఉండవచ్చు. అలా చేయక, ఊరేగింపులో వెంట నడిచిన కార్యకర్తలు చేసినదే నా దృష్టిలో అసలైన స్వచ్ఛందసేవ. తన ఇచ్ఛతో వచ్చి, ఊరి ఇచ్ఛకు తలవంచటం అంటే అదే.

అయితే అక్షరదీపం అన్నివిధాలా ఫలించిందని వ్రాస్తే అది నిజం కాదు. దేశంలో అనేక జిల్లాలలో జరిగినట్లే ఇక్కడ కూడా ఉద్యమపు వేడి చల్లారాక బడులు మూతపడ్డాయి. చదవటానికి పుస్తకం, వ్రాయటానికి అవసరం లేనివారు నేర్చిన అక్షరాలను మరచిపోయారు. చాలామందికి సంతకం ఒక్కటే మిగిలింది. జీతం లేని పనిని ఒక యువకుడు ఆరునెలలు చేస్తాడు, ఏడాది చేస్తాడు. తరువాత అతనికీ బతుకుతెరువు కావాలి. స్వచ్ఛందసేవ మీద ఆధారపడి ప్రభుత్వం తన బాధ్యతను దించుకోజాలదన్న సంగతిని ఈ అనుభవం నిరూపించింది.

కాని మిగిలిన ఆ సంతకం కూడా వ్యర్థం కాలేదు. సారా మానిపించిన స్త్రీలకు కూలిడబ్బులో కొంత చేతిలో నిలవటం మొదలైంది. నెల్లూరు జిల్లాలోనే 'పొదుపు లక్ష్మి' పేరుతో రోజుకు ఒక రూపాయి దాచే సంఘాలు ఏర్పడ్డాయి. రూపాయి చిన్నదే, రోజూ అన్నదే పెద్దది. సంఘానికి లెక్కలపుస్తకం ఉండాలి, తీర్మానాలు వ్రాయాలి, బ్యాంకులో సంతకం చేయాలి. మరచిపోయిన అక్షరం మళ్ళీ అవసరమైంది. ఈ పొదుపు పద్ధతి డ్వాక్రా సంఘాలతో కలిసి రాష్ట్రమంతా విస్తరించింది. 2000లో ప్రారంభమైన వెలుగు పథకం ఆ సంఘాలను గ్రామ, మండల సమాఖ్యలుగా కూర్చింది.

ఆ ముసలమ్మ చెంగున కట్టుకొన్న కాగితం వంటిదే ఉపాధి హామీ పథకంలోని మస్టరు. అందులో ఎవరి పేరున ఎన్ని రోజుల హాజరు పడిందో, ఎంత కూలి వ్రాశారో చదవగలిగితేనే కూలివానికి న్యాయం జరుగుతుంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం ప్రారంభమైంది. ఆ ఏడాదినుండే ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. కూలికుటుంబాలలోని చదువుకొన్న యువతీయువకులకు శిక్షణ ఇచ్చి, స్వల్పమైన భత్యంతో ఊళ్ళకు పంపేవారు. వారు మస్టర్లను చేతబట్టుకొని ఇంటింటికీ వెళ్ళి, "మీరు ఈ వారం పనికి వెళ్ళారా? ఇంత డబ్బు ముట్టిందా?" అని అడిగేవారు. తరువాత గ్రామసభలో, మండల ప్రజావేదికలో అధికారుల సమక్షంలో ఆ వివరాలు బిగ్గరగా చదివేవారు. పనికి వెళ్ళనివారి పేర్లు మస్టర్లలో కనిపించిన ఉదంతాలు అట్లా బయటపడ్డాయి. ఇటుక పేర్చని, గుంట తవ్వని ఈ పనిని అభివృద్ధి అనవచ్చునా అని ఎవరైనా సందేహించవచ్చు. తవ్విన గుంటకు కూలి ముట్టిందో లేదో చూడటం కూడా అభివృద్ధిలో భాగమే.

ఈ మార్గంలో మరొక పరిణామం జరిగింది. వెలుగు సంఘాలలో అనుభవం గడించిన గ్రామీణస్త్రీలు సామాజిక వనరుల వ్యక్తులన్న పేరుతో ఇతర గ్రామాలకు వెళ్ళి సంఘాలు స్థాపించటం మొదలుపెట్టారు. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ ఏర్పడిన తరువాత వారు బీహారు వంటి రాష్ట్రాలకు కూడా వెళ్ళారు. ఒకప్పుడు ఊరు దాటి బస్సెక్కటానికి జంకిన స్త్రీలు రైలెక్కి, భాష రాని పల్లెలలో వారాల తరబడి ఉన్నారు. వారు ఉపన్యాసాలు ఇవ్వలేదు. వచ్చీరాని హిందీలో తమ సంఘం ఎట్లా మొదలైందో, మొదటి అప్పు ఎందుకు తీసుకొన్నారో, దానిని ఎట్లా తీర్చారో చెప్పారు. పేదరాలు చెప్పే మాట పేదరాలికి అర్థం కావటానికి వ్యాకరణం పెద్దగా అడ్డురాలేదు. చెప్పటం ముగిశాక, ఎదుట కూర్చొన్న స్త్రీలను వారి కథ చెప్పమని అడిగేవారు.

అభ్యాసం

1. మేఘానికీ గ్రామసేవకునికీ రచయిత చూపిన భేదాన్ని వివరించండి. దానితో మీరు ఏకీభవిస్తారా? కారణాలు వ్రాయండి.

2. పోరుమామిళ్ళ శాసనం చెప్పిన విశేషాలేవి? రచయిత ఆ శాసనాన్ని ఈ పాఠంలో ఎందుకు ప్రస్తావించాడు?

3. అక్షరదీపం కార్యక్రమం సారా వ్యతిరేకోద్యమానికి ఎట్లా దారితీసింది?

4. సందర్భసహిత వ్యాఖ్య వ్రాయండి: "ఊడ్చేది మాకు చేతనవును తల్లీ."

5. విడదీసి సంధి పేరు తెలపండి: అక్షరాస్యత, గ్రంథాలయోద్యమం, స్వాతంత్ర్యానంతరం.

6. మీ ఊరిలో లేదా సమీప గ్రామంలో స్వచ్ఛందంగా జరిగిన ఒక అభివృద్ధి పనిని ఎన్నుకోండి. దానివల్ల ప్రయోజనం పొందవలసినవారిలో కనీసం ఐదుగురితో మాట్లాడి, వారు చెప్పిన విషయాలను వారి మాటలలోనే నమోదు చేయండి.